బిల్టీ నుంచి ఈ-వే బిల్లు దాకా

కొల్లూరు అనగానే బయటి ఊళ్లవారు వజ్రాల గని కొల్లూరు అనుకుంటారు. అది కృష్ణానది ఒడ్డున పల్నాడు వైపుది. మన కొల్లూరు పటాన్‌చెరు పక్కది. మొదట మెదక్ జిల్లాలోను, 2016 అక్టోబరు 11 నుంచి సంగారెడ్డి జిల్లాలోను ఉన్నది. ఇక్కడ వజ్రాలు దొరకలేదు గాని, పారిశ్రామికవాడ పుణ్యమా అని లారీలకు మాత్రం కొదవ లేకపోయింది. మన కంపెనీ చరిత్రను యంత్రాల వైపు నుంచి, యూనియన్ వైపు నుంచి రాసిన మిత్రులున్నారు. నేను 1978లో డిస్పాచ్ సెక్షన్‌లో చేరి, 2014లో అక్కడే పదవీ విరమణ చేసినవాడిని. కాబట్టి సరుకు వెంట నడిచిన కాగితాల చరిత్ర రాయడం నా వంతు అనుకుంటున్నాను.

ఆ రోజుల్లో లారీ కావాలంటే పటాన్‌చెరులోని బుకింగ్ ఆఫీసుకు మనిషిని పంపేవాళ్లం. బ్రోకరు ఒక మాట చెప్పేవాడు, ఆ మాట మీదే లారీ వచ్చేది. సరుకెక్కిన తర్వాత ట్రాన్స్‌పోర్టువారు ఇచ్చే లారీ రసీదునే అందరూ బిల్టీ అనేవారు. ఈ కాగితానికి 1865 నాటి క్యారియర్స్ చట్టం అండగా ఉండేది. దాని స్థానంలో 2007లో చేసిన కొత్త చట్టం 2011లో అమలులోకి వచ్చింది. అంటే మన సర్వీసు దాదాపు అంతా బ్రిటిషువారి నాటి చట్టం కిందనే గడిచిందన్నమాట!

బిల్టీతో పాటు ఇన్వాయిసు, గేటు పాసు, వే బిల్లు ఉండాలి. వే బిల్లు పుస్తకాలను వాణిజ్య పన్నుల శాఖ ఆఫీసు నుంచి తెచ్చుకోవలసి వచ్చేది. ఒక్క కాగితం పోతే లెక్క చెప్పుకోవాలి గనుక వాటిని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం. బొంబాయి లోడు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి మీద (దానికే 2010లో 65 అని నంబరు మార్చారు) జహీరాబాద్ దాటి, చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు దగ్గర ఆగేది. అక్కడ వరుస, ముద్ర, మళ్లీ కర్ణాటకలో వరుస, ఆపైన మహారాష్ట్రలో వరుస. సుమారు 680 కిలోమీటర్ల దారిలో చక్రాలు తిరిగిన గంటలెన్ని, నిలబడిన గంటలెన్ని అని డ్రైవర్లను అడిగితే నవ్వేవారు. లారీ ఎక్కడుందో తెలియాలంటే షోలాపూర్ నుంచో, పూనా నుంచో డ్రైవరు ట్రంకు కాల్ చేయాలి. తర్వాత ఎస్.టి.డి. బూత్‌లు వచ్చాక కొంత ప్రాణం కుదుటపడింది.

కంప్యూటరు మన దగ్గరికి రాకముందే ప్రపంచంలో ఈ కథ మొదలైంది. 1948లో బెర్లిన్ నగరానికి రోడ్లు మూసేస్తే, అమెరికా, బ్రిటన్ దేశాలవారు విమానాల్లో బియ్యం బస్తాల్లాగా బొగ్గు, పిండి తరలించారు. వచ్చే సరుకు కాగితాలు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉండడంతో తలలు పట్టుకున్నారు. అప్పుడు ఎడ్వర్డ్ గిల్బర్ట్ అనే అమెరికన్ సైనికోద్యోగి అందరికీ ఒకే నమూనా పట్టీని తయారుచేసి, దాన్ని టెలెక్స్ మీద, టెలిఫోను మీద పంపే ఏర్పాటు చేశాడు. తర్వాత కంప్యూటర్ల మధ్య కాగితాలు నడిపించే పద్ధతికి పునాది అదేనంటారు. యంత్రం సంగతి అటుంచి, అసలు విషయం పట్టీలో ఏ గడులు పెట్టాలన్నదే. ఈ మాట పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మన దేశంలో ఈ దారిలో ముందు నడిచింది రైల్వేవారు. కంప్యూటరు పనులకని 1986లో క్రిస్ అనే సంస్థను పెట్టుకున్నారు. దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలను కలిపే కాన్సర్ట్ పద్ధతి 1994లో మన సికింద్రాబాద్‌లోనే మొదలైంది. లారీల రంగం మాత్రం వేల మంది చిన్న యజమానుల చేతుల్లో ఉండటం వల్ల అందరినీ ఒక తాటి మీదికి తేగల చెయ్యి కనిపించలేదు. మన సెక్షన్‌కు కంప్యూటరు వచ్చినప్పుడు దానికి ఏసీ గది కట్టి, చెప్పులు బయట విడిచి రమ్మనేవారు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కీచుమని అరుస్తూ ఇన్వాయిసు కొట్టేది. దాన్ని పట్టుకెళ్లి మళ్లీ చేత్తో వే బిల్లు రాసేవాళ్లం! సగం కంప్యూటరు, సగం కార్బన్ పేపరు. ఆ కాలం చాలా ఏళ్లు నడిచింది.

అసలు మార్పు పన్ను వల్ల వచ్చింది. 2017 జూలై 1న జి.ఎస్.టి. రావడంతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేశారు. వాటి బదులు ఈ-వే బిల్లు తెచ్చారు. 2018 ఫిబ్రవరి 1న ప్రారంభించారు గాని, అంత భారం తట్టుకోలేక వ్యవస్థ ఆ రోజే చతికిలబడింది, వాయిదా వేశారు. ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య రవాణాకు అమలైంది. రాష్ట్రం లోపలి రవాణాకు ఏప్రిల్ 15 నుంచి అమలు చేసిన రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. పొరుగున కర్ణాటకవారికి వ్యాట్ కాలంలోనే ఈ-సుగం అనే ఇలాంటి ఏర్పాటు ఉండేది గనుక, ఆ దారిలో తిరిగిన మన డ్రైవర్లకు ఇది బొత్తిగా కొత్త కాదు.

పదవీ విరమణ తర్వాత ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కొంతకాలం సాయంగా కూర్చున్నందున ఈ పనిని దగ్గరగా చూశాను. 50 వేల రూపాయల విలువ దాటిన సరుకుకు బిల్లు తీయాలి. మొదటి భాగంలో అమ్మినవారు, కొన్నవారు, సరుకు, విలువ ఉంటాయి. రెండో భాగంలో బండి నంబరు ఉంటుంది. బిల్లుకు గడువు కూడా ఉంటుంది. మొదట్లో రోజుకు 100 కిలోమీటర్ల లెక్కన బొంబాయికి ఏడు రోజులు వచ్చేది. 2021 జనవరి 1 నుంచి రోజుకు 200 చేశారు, అంటే నాలుగు రోజులు. దారిలో బండి చెడితే గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు గాని, తీరిన ఎనిమిది గంటల లోపు గాని పొడిగించుకోవాలి. ఆఫీసులో కూర్చున్నవాడు అది మరచిపోతే, బండితో పాటు ఎండలో నిలబడేవాడు డ్రైవరే.

అయినా న్యాయంగా చెప్పాలి. చిరాగ్‌పల్లి వరుసలో రాత్రుళ్లు గడిపినవారెవరూ ఆ రోజులు తిరిగి రావాలని కోరరు. ఔటర్ రింగు రోడ్డు మన కొల్లూరు మీదుగా వచ్చాక, 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోలు దగ్గర చిల్లర తగాదాలు కూడా తగ్గాయి. లోడు వెతుక్కోవడానికి బ్లాక్‌బక్ వంటి సంస్థలు 2015 నుంచి ఫోనులోకి వచ్చాయి. బ్రోకర్లంతా మాయమవుతారని అన్నారు. నాకు తెలిసిన బ్రోకర్లలో కొందరు అదే ఫోనులో లోడు చూసి, అదే పాత కుర్చీలో కూర్చుని, అదే కమిషన్ తీసుకుంటున్నారు!

ఇక గడుల సంగతి. మన పాత గేటు రిజిస్టరులో లారీ నంబరు పక్కనే డ్రైవరు పేరు, లైసెన్సు నంబరు, సంతకం గాని వేలిముద్ర గాని ఉండేవి. చివరి గడిలో లోడు ఎత్తిన హమాలీ మేస్త్రీ పేరు, ఎందరు మనుషులు, ఎన్ని టన్నులు అని రాసేవాళ్లం. కూలి చెల్లింపు కోసం రాసిన రాతే గాని వారి మీద ప్రేమతో కాదు. ఈ-వే బిల్లులో సరుకు కోడ్ ఉంది, ఇద్దరు వ్యాపారుల జి.ఎస్.టి. నంబర్లున్నాయి, బండి నంబరు ఉంది. డ్రైవరు పేరుకు గడి లేదు. హమాలీ ఊసే లేదు. పన్ను కోసం చేసిన పట్టీ కాబట్టి పన్నుకు అక్కరలేనిది అందులో లేదు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు గాని, ఇంత పెద్ద దేశంలో సరుకు నడక మొత్తం నమోదయ్యే చోట దాన్ని మోసిన మనిషి పేరు ఒక్కటీ లేకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

ఇది ఉత్త మాటల విషయం కాదు. మనం రోల్స్ మీద ఉన్నవాళ్లం. 1995 నవంబరు 16 నుంచి వచ్చిన పెన్షన్ పథకంలో మన పేర్లున్నాయి. ఎంత తక్కువైనా నెలనెలా ఏదో వస్తున్నది. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్‌తో వేలు పెట్టి బతికున్నామని చెప్పుకుంటున్నాం. వేలు అరిగి యంత్రం ఒప్పుకోకపోయినా, మన పేరు లోపల ఉంది కనుకనే కదా ఆ తగువు! మన యార్డులో ముప్ఫై ఏళ్లు మోసిన హమాలీలకు ఆ తగువు పడే అవకాశం కూడా లేదు. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ తెచ్చారు, మంచిదే. కాని వయసు 16 నుంచి 59 వరకే. మన హమాలీలిద్దరు ఆధార్ కార్డులు పట్టుకుని వెళ్లి, వయసు దాటిందని తెలుసుకుని తిరిగి వచ్చారు.

వారిలో ఒకాయన నన్ను అడిగాడు: “సారూ, మీరు రాసిన ఆ పెద్ద రిజిస్టర్ల నా పేరుండె గద. అది యాడున్నది?” కంపెనీ చేతులు మారినప్పుడు పాత రికార్డు గది ఖాళీ చేశారని మనకందరికీ తెలిసిందే. కొన్ని రిజిస్టర్లను మన సెక్షన్‌వారు, సెక్యూరిటీవారు పాత కాగితంగా అమ్మకుండా ఇళ్లకు తీసుకుపోయారని విన్నాను. అటువంటివి ఎవరి అటకల మీదనైనా ఉంటే, చినిగినా సరే, సంఘ కార్యాలయానికి తెచ్చి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. పేర్లు వరుసగా ఎత్తిరాసే పని నేను చేస్తాను.