ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీతం: మేటి ఆల్బమ్‌ల చరిత్ర

టేపురికార్డర్లు, ఆసిలేటర్లు, సింథసైజర్లు, కంప్యూటర్ల వంటి విద్యుత్ పరికరాలతో ధ్వనిని పుట్టించి, మలిచి, అంతకుముందు సంగీతం అనిపించుకోని చప్పుళ్ళను కూడా తనలో కలుపుకొన్న సంగీతం ఇది. చాలావరకు దీనికి స్వరలిపి లేదు, కచేరీ తప్పనిసరి కాదు. స్టూడియోలో తయారైన టేపే కృతి. శ్రోతకు అది చేరేది రికార్డు రూపంలో. అందుకే దీని చరిత్రను ఆల్బమ్‌ల వరుసలో చెప్పుకోవడం రివాజు. ఎల్పీకి ఒక్కో వైపు పట్టే 20 నిమిషాల చిల్లర, తొలి సీడీలకు పట్టిన 74 నిమిషాలు, నిడివికి హద్దే లేని కంప్యూటర్ ఫైలు: ఈ కొలత మారినప్పుడల్లా సంగీతం నడక కూడా మారింది.

గాడి నుంచి టేపుకు

నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును కొలంబియా కంపెనీ 1948 జూన్‌లో న్యూయార్క్‌లో బయటపెట్టింది. అదే ఏడు అక్టోబరు 5న ఫ్రెంచి రేడియో ఇంజనీరు పియర్ షెఫర్ తన శబ్ద రచనలను తొలిసారి ప్రసారం చేశాడు. పారిస్‌లోని బాటిన్యోల్ స్టేషన్‌లో రైలింజన్ల కూతలు, చక్రాల చప్పుళ్ళు పట్టుకొచ్చి, వాటిని ముక్కలు చేసి కూర్చిన రచన వాటిలో ఒకటి. అప్పటికి ఆయన చేతిలో టేపురికార్డరు లేదు, పనంతా గ్రామఫోన్ ప్లేట్ల మీదే. ప్లేటు మీద గాడిని లోపలికి సాగనివ్వకుండా వలయంగా మూసేస్తే ముల్లు అక్కడే తిరుగుతూ ఒకే శబ్దాన్ని పదే పదే పలికిస్తుంది. రికార్డు గీరుకుపోయి ఇంట్లో అదే పని చేస్తే జనం విసుక్కుంటారు. షెఫర్ దాన్ని పనిముట్టు చేసుకున్నాడు. ఈనాటి ‘లూప్’కు పూర్వీకురాలు ఆ మూసిన గాడే.

1950లలో జర్మనీలోని కొలోన్ రేడియో స్టూడియో మరో దారి పట్టింది. బయటి చప్పుళ్ళు కాకుండా ఆసిలేటర్లు పుట్టించే శుద్ధ స్వరాలతోనే సంగీతం కట్టాలని అక్కడివారి పట్టుదల. ఆ రెండు దారులనూ కలిపినవాడు కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌజెన్. 1956లో వినిపించిన ‘గెసాంగ్ డెర్ యూంగ్లింగె’లో ఒక బాలుడి గొంతునూ యంత్రధ్వనులనూ ఏది ఎక్కడ మొదలైందో తెలియనంతగా అల్లాడు. సభలో చుట్టూ అమర్చిన స్పీకర్లలోంచి వినవలసిన రచన అది. రికార్డులో ఆ అనుభవం సగమే మిగిలింది.

అదే ఏడాది హాలీవుడ్ సినిమా ‘ఫర్బిడెన్ ప్లానెట్’కు లూయీ, బెబె బారన్ దంపతులు పూర్తిగా ఎలక్ట్రానిక్ నేపథ్య సంగీతం కట్టారు. వాద్యకారుల సంఘంతో తగాదా వస్తుందన్న భయంతో తెర మీద దాన్ని సంగీతం అనకుండా ‘ఎలక్ట్రానిక్ టొనాలిటీస్’ అని వేశారు. అది ఎల్పీగా రావడానికి 20 ఏళ్ళు పట్టింది.

రికార్డు కోసమే పుట్టిన కృతి

1967లో నన్‌సచ్ కంపెనీ విడుదల చేసిన మార్టన్ సబాట్నిక్ ఆల్బమ్ ‘సిల్వర్ ఆపిల్స్ ఆఫ్ ద మూన్’తో ఎల్పీకీ ఈ సంగీతానికీ ముడి పడింది. ఒక రికార్డు కంపెనీ ఎల్పీ కోసమే అడిగి రాయించుకున్న తొలి ఎలక్ట్రానిక్ కృతి ఇదే. రెండు భాగాలు, రెండు వైపులు. రికార్డు తిప్పడానికి లేచే విరామం కూడా కృతిలో భాగమే. డాన్ బుక్లా కాలిఫోర్నియాలో తయారుచేసిన సింథసైజర్ మీద సబాట్నిక్ దీన్ని కట్టాడు. ఆ యంత్రానికి పియానో మెట్లు ఉండవు. మెట్లుంటే చేతులు పాత పాటల వైపే పోతాయని ఇద్దరి అనుమానం. రెండో వైపున, స్వరాల వరుసను తానే తిప్పి తిప్పి వాయించే సీక్వెన్సర్ పట్టుకునే లయ, ఇరవై ఏళ్ళ తర్వాత డాన్స్ క్లబ్బుల్లో మోగబోయేదానికి చాలా దగ్గరగా ఉంటుంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది.

మరుసటి ఏడాది వెండీ కార్లోస్ మూగ్ సింథసైజర్ మీద బాక్ రచనలు వాయించి ‘స్విచ్‌డ్-ఆన్ బాక్’ తెచ్చింది. ఆ యంత్రం ఒకేసారి ఒక్క స్వరమే పలికేది కాబట్టి ప్రతి వరుసనూ విడిగా రికార్డు చేసి పొరలుగా పేర్చవలసి వచ్చింది. మూడు గ్రామీలు, లక్షల అమ్మకాలు దక్కాయి. ఇది ప్రయోగమా అంటే, పనితనంలో అవును, సంగీతంలో కాదు. అయితే సింథసైజర్ అన్న మాటను ఇంటింటికీ చేర్చింది ఈ ఆల్బమే.

లండన్‌లో కథ వేరు. బీబీసీ 1958లో స్థాపించిన రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో డెలియా డర్బిషైర్, బ్రయన్ హాడ్జ్‌సన్ రేడియో, టీవీ కార్యక్రమాలకు శబ్దాలు అందించేవారు. 1963లో వచ్చిన ‘డాక్టర్ హూ’ ధారావాహిక శీర్షిక సంగీతానికి రాన్ గ్రైనర్ రాసిన వరుసను ఆ రూపంలోకి తెచ్చింది డర్బిషైరే, అదీ టేపు ముక్కలు కోసి అతికించి. ఈ ఇద్దరూ డేవిడ్ వోర్‌హాస్‌తో కలిసి వైట్ నాయిజ్ పేరిట 1969లో ‘యాన్ ఎలక్ట్రిక్ స్టార్మ్’ చేశారు. మొదటి వైపు తుంటరి పాటలు, రెండో వైపు నిజంగానే భయపెట్టే చీకటి. విడుదలైనప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు చాలా మేటి జాబితాల్లో అది ఉంటుంది.

జర్మన్ యంత్రాలు, ఈనో మంచం

1970లలో సింథసైజర్లు కొంత చవకయ్యాయి. పని రేడియో స్టూడియోలనుంచి కుర్రవాళ్ళ బృందాల చేతుల్లోకి వచ్చింది. క్లౌస్ షుల్జ తొలి ఆల్బమ్ ‘ఇర్‌లిష్ట్’ (1972)లో సింథసైజరే లేదు. చెడిపోయిన ఆర్గాన్, తిరగేసి వినిపించిన వాద్యబృందం టేపు, అంతే. టాంజరీన్ డ్రీమ్ 1974లో తెచ్చిన ‘ఫేడ్రా’ శీర్షిక రచనలో మూగ్ సింథసైజర్ వేడెక్కే కొద్దీ శ్రుతి జారిపోతూ ఉంటుంది. ఆ జారుడును దిద్దకుండా ఉంచేశారు. శ్రుతి తప్పడం మహాపరాధమని నేర్చుకున్న చెవికి మొదట ఇబ్బందిగా ఉన్నా, ఆ ఆల్బమ్‌లో ఊపిరి పోసేది ఆ జారుడే. అదే ఏడాది క్రాఫ్ట్‌వెర్క్ ‘ఆటోబాన్’ కోసం రికార్డు ఒక వైపంతా, 22 నిమిషాలకు పైగా, ఒక కారు ప్రయాణానికి కేటాయించింది. ఆ బృందం 1977లో చేసిన ‘ట్రాన్స్-యూరోప్ ఎక్స్‌ప్రెస్’లోని వరుస 1982లో న్యూయార్క్ హిప్‌హాప్ రికార్డు ‘ప్లానెట్ రాక్’లోకి పాకింది.

ఇంగ్లండ్‌లో బ్రయన్ ఈనో 1975 జనవరిలో కారు ప్రమాదానికి గురై మంచం పట్టాడు. చూడడానికి వచ్చిన స్నేహితురాలు ఇచ్చి వెళ్ళిన హార్ప్ సంగీతం రికార్డు మోగుతోంది. శబ్దం మరీ తగ్గించి ఉంది, ఒక స్పీకరు పలకడం లేదు, లేచి సరిచేసే ఓపిక ఆయనకు లేదు. బయటి వానలో కలిసిపోయి సగం సగమే వినబడిన ఆ సంగీతం ఆయనకు కొత్త ఆలోచన ఇచ్చింది. ‘డిస్క్రీట్ మ్యూజిక్’ ఆ ఏడే వచ్చింది. రెండు టేపురికార్డర్ల మధ్య టేపును సాగదీసి, వాయించిన స్వరం కొన్ని క్షణాల తర్వాత తిరిగి వచ్చి కొత్త స్వరంతో కలిసేలా అమర్చాడు. ఆపై యంత్రాన్ని దాని మానాన వదిలేశాడు. మొదటి వైపును 30 నిమిషాలు దాటించి ఎల్పీని దాని అంచు దాకా వాడుకున్నాడు. 1978 నాటి ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’లో ఒకదానితో ఒకటి భాగింపు కుదరని నిడివులున్న టేపు వలయాలు ఒకేసారి తిరుగుతాయి. వేర్వేరు ఆవర్తాల తాళాలు ఒకేసారి వేస్తే సమం ఎప్పటికో గాని కలవదు కదా, ఇక్కడ జరిగేదీ అదే. ‘ఆంబియెంట్’ అనే విభాగానికి పేరు పెట్టిన ఆల్బమ్ ఇది. దీన్ని అనుకరించినవాళ్ళలో చాలామంది హోటల్ లాబీ సంగీతం దగ్గరే ఆగిపోయారు.

చెవికి పరీక్ష

హాయి గొలిపే ఈ పాయకు ఎదురుగా మరో పాయ ఉంది. 1975లో రాక్ గాయకుడు లూ రీడ్ ‘మెటల్ మెషిన్ మ్యూజిక్’ పేరిట గిటార్ ఫీడ్‌బ్యాక్ తప్ప మరేమీ లేని రెండు రికార్డుల ఆల్బమ్ ఇచ్చాడు. రాక్ పాటల కోసం కొన్నవాళ్ళు దుకాణాలకు తిప్పి పంపారు. నాలుగో వైపు చివర మూసిన గాడి ఉంది. ముల్లు ఎత్తకపోతే మోత ఆగదు. షెఫర్ పనిముట్టు ఇక్కడ ఎగతాళిగా మారింది. థ్రాబింగ్ గ్రిసిల్ బృందం 1979లో ‘20 జాజ్ ఫంక్ గ్రేట్స్’ అనే కల్ల పేరుతో, సభ్యులు పూలమధ్య నవ్వుతూ నిలబడిన ముఖచిత్రంతో మోసం చేసింది. ఆ చిత్రం తీసిన బీచీ హెడ్ కొండ అంచు ఆత్మహత్యలకు పేరుమోసిన చోటు. లోపలి సంగీతమూ అంతే: పైకి తేలిక, అడుగున గుబులు.

ఇంట్లో కూర్చుని వినే నాట్యసంగీతం

షెఫీల్డ్‌లో 1989లో మొదలైన వార్ప్ సంస్థ 1992లో ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ సంకలనం తెచ్చింది. డాన్స్ యంత్రాలతో చేసినా ఇంట్లో కూర్చుని వినడానికి ఉద్దేశించినది. అదే ఏడాది కార్న్‌వాల్ కుర్రవాడు రిచర్డ్ జేమ్స్, అఫెక్స్ ట్విన్ పేరుతో, ‘సెలెక్టెడ్ ఆంబియెంట్ వర్క్స్ 85–92’ విడుదల చేశాడు. ధ్వని నాణ్యత క్యాసెట్టు స్థాయిలోనే ఉన్నా రాగభావం మాత్రం మరువరానిది. 1994 నాటి రెండో సంపుటంలో ఒక్కదానికి తప్ప రచనలకు పేర్లు లేవు, బొమ్మలే గుర్తులు.

రాచ్‌డేల్ జంట ఆటెకర్ మరింత మొండి. అదే పనిగా ఒకే దెబ్బ మోగే సంగీతంతో ఆరుబయట జరిగే సమావేశాలను అడ్డుకునే చట్టాన్ని బ్రిటన్ 1994లో ప్రతిపాదిస్తే, ఏ రెండు ఆవర్తాలూ ఒకేలా లేని రచన చేసి నిరసన తెలిపారు. ‘ట్రి రెపెటే’ (1995) వారి పనిలో అందరికీ అందేది. ‘కాన్‌ఫీల్డ్’ (2001) అందరికీ అందనిది, గొప్పది. 2016లో వచ్చిన ‘ఎల్‌సెక్ 1–5’ నాలుగు గంటలకు పైగా సాగుతుంది. అది ఫైళ్ళుగానే వచ్చింది కాబట్టి దానికి తిప్పాల్సిన వైపే లేదు.

చెడిపోవడమే సంగీతం

సీడీ వచ్చినప్పుడు అది చెడదని ప్రచారం చేశారు. మార్కుస్ పాప్ బృందం ఓవల్ సీడీల మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీసి, ప్లేయరు తడబడేటప్పుడు వచ్చే టిక్కుటిక్కులను పోగుచేసి ‘94 డిస్కోంట్’ (1995) కట్టింది. ఇంత అందమైన ఆల్బమ్ పాడైన వస్తువులోంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. వియన్నా గిటారిస్టు ఫెనెజ్ చేసిన ‘ఎండ్‌లెస్ సమ్మర్’ (2001) ఈ గరగరల మధ్య పాటల వరుసను తిరిగి తెచ్చింది.

విలియం బసిన్‌స్కీ 2001 వేసవిలో బ్రూక్లిన్‌లో తన 1980ల నాటి టేపు వలయాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుండగా, తిరిగిన ప్రతిసారీ టేపు మీది అయస్కాంతపు పూత పొడిగా రాలిపోసాగింది. ఆయన ఆపలేదు. గంటకు పైగా ఒకే వరుస కొద్దికొద్దిగా చిరిగి మాయమైపోయే ‘డిసింటిగ్రేషన్ లూప్స్’ అలా పుట్టింది. సెప్టెంబరు 11 సాయంత్రం మేడ మీదనుంచి ఆయన తీసిన పొగమబ్బుల దృశ్యం దానికి ముఖచిత్రమైంది. ఆ సందర్భం వల్లే పేరొచ్చిందనేవాళ్ళున్నారు. ఆ సంగతి తెలియకుండా విన్నా అది నిలబడుతుంది.

ఆలస్యంగా చేరినవారు

మేటి ఆల్బమ్‌ల జాబితా స్థిరమైనది కాదు. పునర్ముద్రణలు దాన్ని తిరగరాస్తూనే ఉన్నాయి. బెల్ ల్యాబ్స్ కంప్యూటర్ మీద లారీ స్పీగెల్ చేసిన ‘ద ఎక్స్‌పాండింగ్ యూనివర్స్’ 1980లో వచ్చినా, 2012లో విస్తరించి మళ్ళీ వేసేదాకా కొద్దిమందికే తెలుసు. ఎలియాన్ రాడిగ్ ఒక్క ఏఆర్‌పీ సింథసైజర్‌తో, తంబురా శ్రుతిలా కదలీ కదలనట్టుండే దీర్ఘ రచనలు చేసింది. టిబెటన్ బౌద్ధం ప్రేరణతో 1988–93 మధ్య కూర్చిన ‘ట్రిలజీ ద లా మోర్’లో ఒక్కో భాగం గంట దరిదాపుల్లో ఉంటుంది. ఎల్పీ మీదైతే అది తెగకుండా వినే వీలే లేదు.

భారతదేశం వంతు ఇంకా ఆలస్యంగా వచ్చింది. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో గిటార్ వాయించిన చరణ్‌జీత్ సింగ్ 1982లో మూడు రోలాండ్ యంత్రాల మీద ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ రికార్డు చేశాడు. అందులోని మాల్కౌన్స్, మన హిందోళం, విన్న తెలుగు శ్రోతకు వరుస వెంటనే తెలుస్తుంది. దాని కింద పాకే రోలాండ్ టీబీ-303 యంత్రపు బేసు మాత్రం కొత్త. హెచ్ఎంవీ వేసిన ఈ రికార్డు అమ్ముడుపోలేదు. 2010లో హాలండ్‌లో మళ్ళీ వేశాక, 1987 నాటి చికాగో ‘యాసిడ్ హౌస్’కు ఇదే ఆది అని పొగిడారు. చికాగో కుర్రాళ్ళు దీన్ని విన్న దాఖలా లేదు. ఒకే యంత్రం రెండు చోట్ల ఒకే రకమైన ధ్వనికి దారితీసింది, అంతే. ఆ పొగడ్త లేకుండానే ఇది మంచి ఆల్బమ్.

అంతకుముందే, 1969లో, అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో ఒక స్టూడియో నెలకొల్పాడు. 1940లలో న్యూయార్క్‌లో స్వరకర్త జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం పరిచయం చేసిన గీతా సారాభాయ్ దీనికి వెన్నుదన్ను. ఆమె, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా అక్కడ పనిచేశారు. కొన్నేళ్ళకే స్టూడియో మూతపడింది, టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీసి శుభ్రపరిచాక 2023లో ‘ద ఎన్ఐడీ టేప్స్: ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ఫ్రం ఇండియా 1969–1972’ వెలువడింది. 2023కు ముందు అచ్చయిన మేటి ఆల్బమ్‌ల జాబితాల్లో అది లేదు.