ఫార్మాట్ కొట్టిన కంప్యూటరు – చెదిరిన తెలుగు

మన సంఘ సభ్యులలో చాలామంది టైపు మిషను, స్టెన్సిలు కాగితాలతోనే కొలువు ముగించినవారు. కంప్యూటరు బల్లమీదికి వచ్చాక కూడా కొన్నాళ్ళు పనిచేసినవాణ్ణి గనుక, “ఫార్మాట్ కొట్టడం” అనే మాట వెనుక ఉన్న చరిత్రను కొద్దిగా మనవి చేస్తాను.

1994 నాటి డాస్ 6.22 మూడు ఫ్లాపీలలో ఇమిడేది. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95ను ఫ్లాపీలలో తీసుకుంటే పదమూడు. పదకొండోది చెడిపోయిందా, పని అక్కడే ఆగేది. ఫార్మాట్ అంటే రికార్డు గదికి నిప్పు పెట్టడమేనని మనవాళ్ళు హడలిపోయేవారు. త్వరగా ముగించే ఫార్మాట్‌లో నిజానికి జరిగేది ఇండెక్సు రిజిస్టరు చించి కొత్తది పెట్టడమే. కట్టలు బీరువాలోనే ఉంటాయి. వాటి చోట కొత్తవి పెట్టేదాకా నిపుణులు కొన్నింటిని వెలికితీయగలరు. విస్టా వచ్చిన 2007 నుంచి మాత్రం పూర్తి ఫార్మాట్ చేస్తే హార్డ్‌డిస్కంతా సున్నాలు రాసేస్తుంది. ఇక ఆశ వదులుకోవలసిందే.

1999 ఏప్రిల్ 26న చెర్నోబిల్ వైరస్ లోకమంతటా విరుచుకుపడి, డిస్కు మొదటి భాగాన్ని చెరిపివేసింది. కొన్ని యంత్రాలలో బయాస్ చిప్పునే పాడుచేసింది. వాటికి ఫార్మాట్ కూడా పనికిరాలేదు.

మన తెలుగుకు వచ్చిన చిక్కు వేరు. ఆ రోజుల్లో తెలుగు సాఫ్ట్‌వేర్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను కూర్చేవి. ఒకరి పద్ధతి మరొకరికి కుదిరేది కాదు. కాగితాలు డి డ్రైవులో, ఫాంట్లు సి డ్రైవులో. సి ఫార్మాట్ చేసి విండోస్ మళ్ళీ వేశాక, నేనెరిగిన ఒక కార్యాలయంలో సీనియారిటీ జాబితా తెరిస్తే పేర్లన్నీ ఇంగ్లీషు గజిబిజిగా కనిపించాయి. జాబితా పోలేదు, చదివే దారే పోయింది. ఆ ఫాంటు దొరికేదాకా ఒకరి ప్రమోషను ఫైలు కదలలేదు. మా బయ్యారం చెరువు దగ్గర కాకతి మైలాంబ వేయించిన 13వ శతాబ్దపు శాసనాన్ని ఇవాళ్టికీ చదివేవారున్నారు, ఐదేళ్ళనాటి జాబితాను చదివే నాథుడు లేడు!

యూనికోడ్ తొలి కూర్పులోనే, అంటే 1991లోనే, తెలుగుకు చోటు దక్కింది. విండోస్‌లో అది కుదురుకున్నది 2001లో, ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటుతో. అయినా ఎక్స్‌పీని మళ్ళీ వేసిన ప్రతిసారీ కంట్రోల్ ప్యానెల్‌లో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, మళ్ళీ ఆ సీడీయే పెట్టాలి. ఈ సంగతి తెలియక “తెలుగు రాదండీ” అని చేతులెత్తేసినవారిని ఎందరినో చూశాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు కంపెనీ మామూలు మద్దతు ముగిసింది. ఇంట్లో మనవలు పాత యంత్రాన్ని ఫార్మాట్ చేస్తామంటే, డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో ఉన్న పింఛను కాగితాలు సాధారణంగా సి డ్రైవులోనే ఉంటాయని చెప్పి, ముందుగా పెన్‌డ్రైవులోకి ఎక్కించమనండి. పాత ఫాంటులో టైపు చేసిన తెలుగు కాగితాలను, ఆ ఫాంటు ఇంకా యంత్రంలో ఉండగానే, పీడీఎఫ్‌గా మార్పించుకోండి. పీడీఎఫ్ ఫాంటును తనలోనే దాచుకోగలదు.