నడుము బిగించిన నీళ్లు

బుచ్చిరెడ్డిపాలెంలో నేను ఉద్యోగం చేసిన రోజుల్లో మెట్ట ప్రాంతం నుంచి వచ్చే రైతులు కొందరు మెడ తిప్పలేక, మనిషంతా తిరిగి చూసేవారు. ఊళ్లో దాన్ని వాతమనేవారు.

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ తదితర వైద్యులు నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి, కారణం తాగునీటిలోని ఫ్లోరైడేనన్నారు. మనదేశంలో ఫ్లోరోసిస్‌పై తొలి నివేదికగా దాన్నే చెబుతారు. ఫ్లోరైడ్ పీడిత దర్శి, పొదిలి, కనిగిరి 1970 దాకా మన జిల్లాలోవే.

ఇది కంతి కాదు గాని, వెన్నులో కంతి చేసే పనే చేస్తుంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ చేరి ఎముక మందమవుతుంది, లోపలి దారి ఇరుకై వెన్నుపాము నలుగుతుంది. కాళ్లు తిమ్మిరెక్కి బిగుస్తాయి, మూత్రంపై అదుపు తప్పుతుంది. బాగా నలిగాక కోలుకోవడం కష్టం.

నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు. మిత్రులారా, కాళ్లు బిగుస్తుంటే ముసలితనమని సరిపెట్టుకోక వెంటనే వైద్యునికి చూపించుకోండి. బావినీళ్లు పరీక్ష చేయించండి.