ఊరి పేరు, అమ్మాయి పేరు

వంటింటి పని ముగించుకుని కాస్త తీరిగ్గా కూర్చున్నారా? ఈ పూట మిమ్మల్ని చాలా దూరం తీసుకువెళ్ళబోతున్నాను, ఐర్లండు దేశపు దక్షిణ తీరాన ఉన్న ఒక చిన్న రేవు ఊరికి. కానీ కథ మా ఇంట్లోనే మొదలవుతుంది.

మా అత్తగారి తద్దినం నాడు పురోహితులు మూడు తరాల పేర్లు చెప్పమన్నారు. అత్తగారి పేరు చెప్పాం. ఆవిడ అత్తగారి పేరూ చెప్పాం. ఆ పై తరం ఆవిడ పేరు అడిగేసరికి ఇంటిల్లిపాదీ మొహమొహాలు చూసుకున్నాం. ఎనిమిది మంది పిల్లల్ని కని పెంచిన ఇల్లాలట. పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు! పాపం, పురోహితులే ఏదో ఒక పేరు చెప్పి కానిచ్చారు. ఆ రోజంతా నా మనసు మనసులో లేదు. అప్పుడు గుర్తుకొచ్చింది ఈ ఊరు.

ఊరి పేరు కోవ్. కార్క్ రేవులో ఒక దీవి మీద, కొండవాలున ఉంటుంది. వాలు వీధిలో రంగురంగుల ఇళ్ళు ఒకదాని పక్కన ఒకటి మెట్లు మెట్లుగా నిలబడి ఉంటాయి. వాటిని పేకముక్కల ఇళ్ళంటారు. అడుగునున్న ఇల్లు పడితే పైవన్నీ వరసగా పడతాయని అక్కడివాళ్ళ హాస్యం. 1849లో విక్టోరియా రాణి ఆ ఊళ్ళో కాలు పెట్టిందని పేరు మార్చి క్వీన్స్ టౌన్ అన్నారు. స్వాతంత్ర్య పోరాటపు రోజుల్లో, 1920 ప్రాంతంలో, రాణిగారి పేరు తీసేసి పాత పేరునే ఐరిష్ వర్ణక్రమంలో రాసుకున్నారు. చూశారా, ఊరైతే తన పేరు తాను తిరిగి తెచ్చుకోగలిగింది!

రాణిగారు వచ్చిన ఆ ఏడు ఎలాంటిదనుకున్నారు? 1845లో బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. పేదవాళ్ళకి మూడు పూటలా అదే తిండి. నాలుగైదేళ్ళలో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. అంతకు తగ్గకుండా జనం దేశం విడిచిపోయారు. విచిత్రమేమంటే, ఆ కరువులోనూ ఐర్లండు రేవుల నుంచి ధాన్యం ఓడలకెక్కి ఇంగ్లండుకి పోతూనే ఉంది. గంజికి నోచుకోని రోజుల్లో గాదెలు తరలిపోవడం ఎలాంటిదో మన దేశపు కరువుల సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు.

అలా మొదలైన వలస వందేళ్ళు ఆగలేదు. 1848 నుంచి 1950 దాకా ఐర్లండు విడిచిన 60 లక్షల మందిలో 25 లక్షల మంది ఈ ఒక్క రేవులోనే ఓడ ఎక్కారు. వారిలో దాదాపు సగం మంది ఆడవాళ్ళే, అందులోనూ చాలామంది పెళ్ళికాని పిల్లలు. అమెరికాలో ఇళ్ళల్లో పనిచేసి, జీతం డబ్బులు కూడబెట్టి, తర్వాతి చెల్లెలికి ఓడ టిక్కెట్టు పంపేవారు. బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో చుట్టాలందరూ చేరి, చావింట్లో జాగరణ చేసినట్టే చేసేవారట. మళ్ళీ చూపు లేదని అందరికీ తెలుసు మరి. ఉత్తరం తప్ప ఆసరా లేని కాలం.

1891 డిసెంబరు 20న ఆ రేవులో నెవాడా అనే ఓడ ఎక్కింది ఆనీ మూర్ అనే పదిహేడేళ్ళ పిల్ల. వెంట ఇద్దరు తమ్ముళ్ళు. అమ్మానాన్నలు ముందే న్యూయార్క్ వెళ్ళిపోయారు. పెద్దతోడు లేకుండా, చలికాలపు సముద్రం మీద పిల్లలిద్దరినీ కనిపెట్టుకుని వెళ్ళింది. 1892 జనవరి 1న ఎల్లిస్ దీవిలో కొత్త వలస కేంద్రం తెరిచారు. గుమ్మం దాటిన మొదటి మనిషి ఆనీయే! చేతిలో 10 డాలర్ల బంగారు నాణెం పెట్టారు, పత్రికల్లో వేశారు. అంతే, మర్నాటి నుంచి ఆ పిల్లని లోకం మరిచిపోయింది.

తర్వాత ఎప్పటికో గుర్తొచ్చి వెతికితే, టెక్సాస్‌లో 1923లో ట్రాముబండి కింద పడి పోయిన ఒక ఆనీ మూర్ దొరికింది. ఆవిడే ఈవిడన్నారు. 1993లో కోవ్ రేవులో ఆనీకీ తమ్ముళ్ళకీ విగ్రహం పెడితే, దేశాధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ వచ్చి ఆవిష్కరించారు. కథ మాత్రం టెక్సాస్ ఆవిడదే చెప్పుకున్నారు.

2006లో వంశచరిత్రలు పరిశోధించే మేగన్ స్మోలెన్యాక్ అనే ఆవిడ పాత కాగితాలన్నీ తిరగేసి అసలు సంగతి బయటపెట్టింది. టెక్సాస్ ఆవిడ అమెరికాలోనే పుట్టిందట! మన ఆనీ న్యూయార్క్ పేదవాడల్ని దాటి ఎక్కడికీ పోలేదు. రొట్టెల దుకాణంలో పనిచేసే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. పుట్టిన పిల్లల్లో సగం దాకా చిన్నప్పుడే పోయారు. 1924లో ఆవిడా కన్నుమూసింది. సమాధి మీద పేరు చెక్కిన రాయైనా లేదు. 2008లో గాని ఆ రాయి నిలబడలేదు.

ఆ ఊరు ఇంకా ఎన్నో చూసింది. 1912 ఏప్రిల్ 11న టైటానిక్ ఆఖరుసారి ఆగింది అక్కడే. 123 మంది ఆ రేవు నుంచి ఎక్కారు. 1915 మే 7న లూసిటానియా ఓడని జలాంతర్గామి ముంచితే, బతికినవాళ్ళనీ పోయినవాళ్ళనీ ఆ ఊరే అక్కున చేర్చుకుంది. 1985 జూన్ 23న మన కనిష్క విమానం ఆ తీరానికి అవతల బాంబు పేలి కూలితే, 329 మంది పోయారు. దొరికిన దేహాల్ని చేర్చింది ఆ కార్క్ నగరానికే. ఆ ప్రాంతంలో అహకిస్తా అనే పల్లెలో వాళ్ళకొక స్మారకం ఉంది. దాని మీద పేర్లన్నీ ఉన్నాయి.

పేరుండటం చిన్న సంగతి కాదండీ. ఓడల పేర్లు, రాణుల పేర్లు చరిత్ర తనంతట తానే గుర్తుంచుకుంటుంది. ఇల్లాళ్ళ పేర్లు ఎవరో ఒకరు రాసి పెడితేనే ఉంటాయి.

అందుకని ఒక చిన్న మనవి. పాల లెక్క, చాకలి పద్దు రాసుకునే పుస్తకంలో చివరి పేజీ ఒకటి వదలండి. మీ అమ్మమ్మ, నాయనమ్మ, వాళ్ళ అమ్మ, అత్తగార్ల పేర్లూ పుట్టింటి ఊళ్ళూ తెలిసినంతవరకు రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇవాళే అడగండి. మేము అడగడం ఆలస్యమైపోయింది. మీకు కాకూడదు.

సెలవు.