అరండల్‌పేటా? బ్రాడీపేటా?

గుంటూరులో ఆటో ఎక్కి "బ్రాడీపేట, నాలుగు బై పద్నాలుగు" అంటే చాలు, డ్రైవరు ఇంకో గుర్తు అడగడు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. రోడ్డు దాటితే అరండల్‌పేట, అక్కడా ఇదే లెక్క. చాలా ఊళ్లలో చిరునామా అంటే రామాలయం వెనక సందు, ఫలానావారి డాబా ఎదురిల్లు. ఈ రెండు పేటల్లో మాత్రం రెండంకెలు చెబితే ఇల్లు దొరుకుతుంది. గుంటూరులో సొంతిల్లు కొనాలనుకున్న మధ్యతరగతి కుటుంబాలు ఈ రోడ్డుకు ఏ పక్కన కొనాలా అని దశాబ్దాలుగా తర్జనభర్జన పడుతూనే ఉన్నాయి. నిజానికి అంతకంటే పాత ప్రశ్న ఇంకొకటుంది: రైలు పట్టాలకు తూర్పునా, పడమరా?

తూర్పున ఉన్నది అసలు ఊరు. పాత గుంటూరు, లాలాపేట, పట్నంబజారు, సంగడిగుంట, కొత్తపేట అన్నీ అటువైపే. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉన్న గుంటూరు 1788లో ఇంగ్లీషు కంపెనీ చేతికొచ్చింది. 1832-33లో వచ్చిన డొక్కల కరువు ఈ సీమను తుడిచిపెట్టినంత పనిచేసింది. ఆ దెబ్బ తర్వాతే 1850ల్లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పడింది, డెల్టాలో ధాన్యం పండింది, గుంటూరు బజార్లు కళకళలాడాయి. 1866లో మునిసిపాలిటీ వచ్చింది. అప్పటి వర్తకుడికి ఇల్లెక్కడ కొనాలన్న బెంగే లేదు. కింద కొట్టు, పైన కాపురం, వెనక గోదాము.

ఆ లెక్క మార్చింది రైలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో సదరన్ మరాఠా రైల్వే వారి బళ్లారి–బెజవాడ మార్గం గుంటూరు మీదుగా సాగింది. చుట్టూ ఉన్న నల్లరేగడి పత్తికి స్టేషనే గుమ్మమైంది, ఊళ్లో పత్తిని బేళ్లు కట్టే ప్రెస్సులు వెలిశాయి. అయినా 1901 జనాభా లెక్కల్లో గుంటూరు జనం 30,833 మందే. 1904లో కృష్ణా జిల్లాను విడదీసి గుంటూరును మళ్లీ జిల్లా చేశాక కలెక్టరు కచేరీ, కోర్టులు, వాటితో పాటు ప్లీడర్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు వచ్చిపడ్డారు. వీళ్లకు కొట్టుతో పని లేదు. కావలసినవి గాలీ వెలుతురూ, వాకిట్లో నాలుగు మొక్కలు, కక్షిదారులు కూర్చునే వరండా. ఇరుకు సందుల పాత ఊళ్లో అవి దొరకవు. పట్టాలకు పడమట తెల్లదొరల పేర్లతో వెలిసిన ఈ రెండు పేటల్లో దొరికాయి.

చదువుకున్నవాళ్ల ఊరన్న పేరు పడమటి గుంటూరుకు అలా వచ్చింది. 'మాలపల్లి' నవల రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ, ఆయన భార్య లక్ష్మీబాయమ్మ ఆడపిల్లల కోసం శారదా నికేతనం నెలకొల్పింది 1922లో ఈ ఊళ్లోనే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విశాఖకు బాంబుల భయం పట్టుకున్నప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయం కొంతకాలం తలదాచుకున్నదీ గుంటూరులోనే. ఆ తర్వాత అంతకంటే పెద్ద సందడి వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు రాజధాని కర్నూలుకు పోయింది, హైకోర్టు గుంటూరుకు దక్కింది. కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా 1954 జూలైలో కోర్టు మొదలైంది. హైకోర్టు ఉన్న ఊళ్లో వకీలు ఇల్లంటే తరాల ఆస్తి అనుకోవడంలో తప్పేముంది? కానీ 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించడంతో కోర్టు హైదరాబాదుకు తరలిపోయింది. రెండేళ్ల నాలుగు నెలల ముచ్చట!

కోర్టు వెళ్లినా పేటలు వెలవెలబోలేదు. కారణం పొలాల్లో ఉంది. నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీళ్లు వదిలాక పల్నాడులో, ఒంగోలు వైపు మెట్టల్లో పంటలు మారాయి. మిరప, పత్తి, వర్జీనియా పొగాకు రైతు చేతిలో నాలుగు రూపాయలు మిగిల్చాయి. లాం పరిశోధనా కేంద్రం ఇచ్చిన మిరప రకాలు, గుంటూరు మార్కెట్ యార్డు ఆ డబ్బును ఈ ఊరికే తెచ్చాయి. పంట బాగా పండిన ఏడు రైతు చేసే పనుల్లో గుంటూరులో స్థలమో ఇల్లో కొనడం ఒకటైంది. పిల్లల చదువు ఒక సాకు, కూతురికి పసుపు కుంకుమ కింద రాసివ్వడం ఇంకొకటి. భార్యా పిల్లలు పేటలో, తాను ఊళ్లో సేద్యంలో. ఈ రెండు కాపురాల పద్ధతి జిల్లా అంతటా కనిపిస్తుంది. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్న ఏడాది అదే కథను తిరగేసింది. టౌనులో ఇల్లు కొనడం మాట అటుంచి, పొలం నిలిస్తే చాలనుకున్నారు. గుంటూరు ఇళ్ల ధరల చరిత్ర ఎవరైనా రాస్తే రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకాల కంటే ముందు యార్డులో మిరప ధరలు చూడాలి.

మరి రెండు పేటల్లో ఏది మేలు? పెద్దరోడ్డుకు ఉత్తరాన అరండల్‌పేట: ఆసుపత్రులు, లాడ్జీలు, ఆఫీసులు, రాత్రి పొద్దుపోయేదాకా సందడి. అద్దెలు రావాలంటే అదే. దక్షిణాన బ్రాడీపేట: పుస్తకాల కొట్లు, ట్యుటోరియళ్లు, హాస్టళ్లు, పార్టీ కార్యాలయాలు, సాహిత్య సభలు. కాపురానికి బ్రాడీపేట, బేరానికి అరండల్‌పేట అని ఒకప్పుడు తేల్చి చెప్పగలిగేవారేమో. పాత డాబాలు కూలి అపార్టుమెంట్లు లేచాక ఆ తేడా పలచబడింది. ఇప్పుడు రెండుచోట్లా కొనేవాడు అడిగేవి ఒకటే: స్థలంలో మన వాటా ఎన్ని గజాలు, కారెక్కడ పెట్టాలి, లైన్లో వానకు నీళ్లు నిలుస్తాయా. తూర్పు వాకిలి సంగతి ఎలాగూ మొదటే తేలిపోతుంది.

నీళ్ల ప్రశ్న చిన్నది కాదు. సంగంజాగర్లమూడి దగ్గర తీసుకున్న కృష్ణ నీళ్లు తక్కెళ్లపాడు మీదుగా ఊరికి చేరతాయి. కానీ అందరి కుళాయికీ ఒకేలా చేరవు. 2018 మార్చిలో పాత ఊరి వైపు ఆనందపేట పరిసరాల్లో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, మనుషులు చనిపోయారు. పట్టాలకు అటూ ఇటూ గజం ధరలో తేడా ఎందుకని అడిగేవారికి బజారు, కాలేజీల కంటే ముందు ఈ సంగతి చెప్పాలి. రాష్ట్ర విభజన తర్వాత మొదలైన భూగర్భ డ్రైనేజీ పనులు ఏళ్ల తరబడి సాగక, తవ్విన రోడ్లు మాత్రం అన్ని పేటలకూ సమానంగా దక్కాయి.

ఇంతలో ఊరు పేటలను దాటిపోయింది. 2012లో గోరంట్ల, నల్లపాడు, చౌడవరం, ఏటుకూరు సహా పది గ్రామాలు నగరపాలక సంస్థలో కలిశాయి. 2014లో పక్కనే రాజధాని అనగానే ఇన్నర్ రింగ్ రోడ్డు మీద, అమరావతి రోడ్డు మీద పొలాలు ప్లాట్లయ్యాయి. మిరప అమ్మిన డబ్బుతో పాటు అమెరికా డాలర్లూ దిగాయి. 2019 చివర్లో మూడు రాజధానుల మాట వచ్చాక ప్లాట్లు కొన్నవాళ్లు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ లేచారు. 1956లో వకీళ్లు పడ్డ అవస్థ వీళ్లకెవరూ గుర్తు చేసినట్టు లేదు.

గోరంట్లలో అపార్టుమెంటు కొన్నవారు ఇప్పటికీ వైద్యానికీ పుస్తకాలకూ పేటలకే వస్తారు. పేటలవాళ్లు పట్నంబజారుకో పెద్దాసుపత్రికో పోవాలంటే పట్టాల మీది శంకర్ విలాస్ వంతెన ఎక్కడమే అలవాటు. ఇరుకైన ఆ పాత వంతెన స్థానంలో కొత్తది కట్టడానికి 2025లో దాన్ని మూసేశారు. అప్పటి నుంచి జనం కంకరగుంట వైపో మూడు వంతెనల కిందుగానో చుట్టూ తిరిగి వెళ్తున్నారు. అరండల్‌పేటలో ఇల్లు చూడటానికి వచ్చేవారి ప్రశ్నల్లో ఇప్పుడు ఇంకొకటి చేరింది: వంతెన ఎప్పటికవుతుంది?