ఎయిర్ ఫోర్స్ 1: కోర్టు దాటి వీధికెక్కిన షూ

ఎయిర్ ఫోర్స్ 1 అమెరికాకు చెందిన నైకీ కంపెనీ 1982లో విడుదల చేసిన బాస్కెట్‌బాల్ షూ. అమెరికా అధ్యక్షుడి విమానం పేరే దీనికి పెట్టారు. రూపకర్త బ్రూస్ కిల్‌గోర్. పుట్టింది ఆటగాళ్ల కోసమే అయినా, దీన్ని బతికించింది మాత్రం బాల్టిమోర్ నగరంలోని దుకాణదారులు, అక్కడికి ఎగబడి వచ్చిన కుర్రకారు.

మడమ కింద వాయువు నింపిన తిత్తిని అమర్చడం నైకీకి అప్పటికే తెలుసు. అంతరిక్ష రంగ ఇంజనీరు ఫ్రాంక్ రూడీ తెచ్చిన ఆ ఆలోచనను పరుగు బూట్లలో వాడేశారు కూడా. బాస్కెట్‌బాల్ షూలో పెట్టడం ఇదే మొదలు. ఎగిరి దిగిన ఆటగాడి బరువుకు తిత్తి అణిగి, కాలు ఎత్తగానే మళ్లీ ఉబ్బుతుంది. కిల్‌గోర్ పనితనం చూడాలంటే షూను తిరగేయాలి. ముందరి పాదం కింద ఒకదానిలో ఒకటి ఒదిగిన వలయాలు కనిపిస్తాయి. ఒంటికాలి మీద గిర్రున తిరిగే ఆటగాడి కోసం చేసిన ఏర్పాటు అది. చీలమండను పట్టి ఉంచడానికి పైన ఒక పట్టీ ఉండేది.

ప్రచారానికి మోజెస్ మలోన్, బాబీ జోన్స్, మైకేల్ కూపర్, జమాల్ విల్క్స్, మైకల్ థాంప్సన్, కాల్విన్ నట్ అనే ఆరుగురిని అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ నుంచి ఎంచుకున్నారు. 1983 లీగ్ ఫైనల్లో మొదటి ఇద్దరూ ఫిలడెల్ఫియా తరఫున, తర్వాతి ఇద్దరూ లాస్ ఏంజెలెస్ లేకర్స్ తరఫున ఎదురెదురుగా ఆడారు. ఓ షూకు ఇంతకన్నా మంచి ప్రచారం ఏముంటుంది? అయినా 1984 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. పాత మోడల్‌ను పక్కనబెట్టి కొత్తది దింపడమే అప్పటి వ్యాపార రీతి.

బాల్టిమోర్‌లో మాత్రం గిరాకీ తగ్గలేదు. చార్లీ రూడో స్పోర్ట్స్, సిండరెల్లా షూస్, డౌన్‌టౌన్ లాకర్ రూమ్ అనే మూడు దుకాణాలవాళ్లు కంపెనీ వెంటబడి మళ్లీ తయారు చేయించారు. నెలకో కొత్త రంగు తెప్పించి అమ్మారు. మరెక్కడా దొరకని ఆ రంగుల కోసం ఫిలడెల్ఫియా, న్యూయార్క్‌ల నుంచి కూడా జనం కార్లేసుకొచ్చేవారు. పరిమిత సరుకు, ఒక్క చోటే అమ్మకం అన్న నేటి స్నీకర్ వ్యాపార సూత్రానికి పునాది పడింది ఈ గల్లాపెట్టెల దగ్గరే అనాలి.

న్యూయార్క్‌లో హార్లెమ్ కుర్రాళ్లు వీటిని ‘అప్‌టౌన్స్’ అన్నారు. వాళ్ల మోజంతా చీలమండ కిందే ఆగిపోయే పొట్టి రకం మీద, అదీ తెల్లటి తెలుపు మీద. తెలుపు మీద మరక దాగదు, వేళ్ల దగ్గర తోలు ముడత పడినా ఇట్టే తెలిసిపోతుంది. ఎప్పుడూ కొత్తగా మెరిసే జత తొడగడమే దర్జా. దుమ్ములో ఆడాల్సిన షూకు దుమ్ము తగలకుండా చూసుకోవడం ఇందులోని తమాషా. 2002లో సెయింట్ లూయిస్ ర్యాపర్ నెల్లీ, తన బృందంతో కలిసి ఈ షూ పేరుతోనే పాట పాడాడు. అది అమెరికా పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్‌లో మూడో స్థానం దాకా వెళ్లింది.

ఫ్యాషన్ సంస్థలు ఆ తర్వాత వచ్చాయి. లూయీ విట్టాన్ కోసం వర్జిల్ ఆబ్లో రూపొందించిన 200 జతలను, ఆయన మరణానంతరం 2022 ఫిబ్రవరిలో సోథబీస్ వేలం వేస్తే సుమారు 2.53 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ సొమ్ము నల్లజాతి విద్యార్థుల ఉపకార వేతనాల నిధికి వెళ్లింది.

ఎన్‌బీఏలో రషీద్ వాలెస్ 2000ల దాకా దీన్నే తొడిగి ఆడాడు. నేడు ఆట కోసం దీన్ని కొనేవారు అరుదు.