రెండు రైళ్ల నడుమ ఓరుగల్లు

కాజీపేట జంక్షన్‌లో రైలు మారని తెలుగు రచయితలు తక్కువ. సభలకు ఢిల్లీ పోతూ, నాగపూరు పోతూ, బొగ్గుగనుల ప్రాంతానికి పోతూ ఆ ప్లాట్‌ఫారం మీద గంటల తరబడి కూర్చున్నవాళ్లే అందరూ. ఆ గంటల్లోంచి మన సాహిత్యంలోకి వచ్చిందేమిటని చూస్తే, టీ రుచి, బండి ఆలస్యం, పక్క బెంచీ మీద నిద్రపోయే మనిషి. అంతకుమించి పెద్దగా కనిపించదు. ఇదేమంత విషయమని కొందరనవచ్చు. కాని దూరం పోతున్నవాడు నడుమ తగిలిన ఊరిని ఎలా చూస్తాడన్నది సాహిత్య చరిత్రకు సంబంధించిన ప్రశ్నే. కాజీపేటకు పది కిలోమీటర్ల దూరంలోని నగరాన్నే వస్తువుగా తీసుకుని, ఆరువందల ఏళ్ల కిందటే ఒక తెలుగు కావ్యం ఆ ప్రశ్నను ఎదుర్కొన్నది. అదే క్రీడాభిరామం.

దాని దగ్గరికి పోయేముందు మజిలీ అనే మాట గురించి కొంత చెప్పుకోవాలి. అరబ్బీ ‘మంజిల్’ నుంచి మనకు వచ్చిన ఈ మాటలో విశ్రాంతి ఉంది, వంట ఉంది, ఊరు చూడటం ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చి రాసిన కాశీయాత్ర చరిత్ర మజిలీల పుస్తకమే. ఏ ఊళ్లో నీళ్లున్నాయి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎక్కడ సామాను దొరుకుతుంది, ఎక్కడ దొరకదు అన్న వివరాలు ఆయన వదలలేదు. పల్లకీ ఎక్కిన ఉద్యోగి చూపు ఆయనది, నిజమే. అయినా రాత్రికి తన పరివారమంతా తినాలి కాబట్టి ఊరిని పట్టించుకోక తప్పలేదు. తర్వాత మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో ఇదే అవసరాన్ని కథనసూత్రంగా మార్చాడు. మణిసిద్ధుడి వెంట పోయే పశువుల కాపరి కుర్రవాడు మజిలీ చేరగానే ఊళ్లోకి పోతాడు. ఒక వింత చూసి వస్తాడు. అదేమిటని అడుగుతాడు. కథ అక్కడ మొదలవుతుంది. ఆ కుర్రవాడు ఊళ్లోకి పోకపోతే పన్నెండు భాగాల పుస్తకం లేదు!

రైలు ఈ మజిలీని మింగేసింది. ఊరి స్థానంలో స్టేషన్ వచ్చింది. కాజీపేట చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ.

హైదరాబాదు రాజ్యంలో రైలుమార్గాలు ప్రజలను అడిగి వేసినవి కావు. 1883లో చాందా రైల్వే పథకం వచ్చింది. లండన్ పెట్టుబడిదారులతో నిజాం ప్రభుత్వం చేసుకోబోయే ఒప్పందం షరతులేమిటో బయటపెట్టాలని హైదరాబాదులో కొందరు విద్యావంతులు కమిటీగా ఏర్పడి అడిగారు. వారిలో ప్రముఖుడైన అఘోరనాథ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, రాజ్యం నుంచి బహిష్కరించారు. ఆ సంస్థానంలో తొలి రాజకీయ ఆందోళనల్లో ఒకటి రైలు గురించి జరిగిందన్నది మన సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం. 1886లో సికింద్రాబాదు నుంచి వరంగల్లుకు బండి వచ్చింది. 1889కి అది బెజవాడ చేరింది. మధ్యలో డోర్నకల్ దగ్గర చీలిన పాయ ఇల్లెందు బొగ్గు కోసం. చాందా వైపు పోయే దారి మాత్రం చాలాకాలం ఆగింది. చివరికి కాజీపేట నుంచి బల్లార్షాకు మార్గం పూర్తయి, 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నడవడం మొదలయ్యాక ఉత్తర దక్షిణాలు ఇక్కడ కలిశాయి. ఆ మార్గం కలిసింది పాత రాజధానిలో కాదు, దానికి పడమట, ఒక కాజీ పేరున్న చిన్న ఊళ్లో. అందువల్ల ఇక్కడ రైలు మారేవాడికి వరంగల్లు ఎప్పుడూ ‘కొంచెం అవతల’ ఉండిపోయింది. హనుమకొండ మధ్యలో పడింది. ఇప్పుడు మూడింటినీ కలిపి త్రినగరి అంటున్నాం గాని, ప్రయాణికుడి మనసులో ఆ అతుకు ఇంకా కనిపిస్తూనే ఉంది.

రైల్వే నిబంధనల్లో బ్రేక్ జర్నీ అని ఒకటుంది. 500 కిలోమీటర్లకు పైబడిన టిక్కెట్టు ఉన్నవాడు, 500 దాటిన తర్వాత, నడుమ ఒకచోట దిగి రెండు రోజులు ఉండవచ్చు. చెన్నై నుంచి ఢిల్లీ పోయేవాడికి వరంగల్లులో ఆ హక్కు ఉంటుంది. సికింద్రాబాదు నుంచి బయలుదేరి 132 కిలోమీటర్లు వచ్చిన మనవాడికి ఉండదు. దూరపువాడికి మజిలీ, దగ్గరివాడికి వెయిటింగ్ హాలు!

సరే, దిగినవాడు ఏం చూస్తున్నాడు? వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోటలోని కీర్తితోరణాలు. ఇంకో రోజు చేతిలో ఉంటే రామప్ప. ఇవి చూడదగినవి కావని ఎవరూ అనరు. 1163 నాటి రుద్రదేవుని శాసనం, 1213 నాటి రేచర్ల రుద్రుని ఆలయం మన చరిత్రకు మూలస్తంభాలు. రామప్పకు 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది, సంతోషం. కాని వీటిని చూసి తిరుగుబండి ఎక్కినవాడు ఓరుగల్లులో మనుషులుండేవారా అని అడిగితే ఏం చెబుతాడు? అతను చూసింది రాజు కట్టించిన రాయి. దాన్ని మోసిన భుజం ఏ పలక మీదా లేదు.

క్రీడాభిరామం బలం సరిగ్గా ఇక్కడే ఉంది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు పొద్దున మొదలుపెట్టి రాత్రి దాకా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. కథ అంతే. ఆ తిరుగుడులో కోళ్ల పందెం ఉంది, పొట్టేళ్ల పోరు ఉంది, పాములవాడున్నాడు. పల్నాటి వీరుల కథ పాడుతుంటే జనం మూగుతారు. ఏకవీర గుడి ఉంది, మైలారుదేవుని భక్తుల ఒళ్లు గగుర్పొడిచే సాహసాలున్నాయి. పూటకూళ్లింట్లో ఒక రూకకు ఏమేమి వడ్డిస్తారో పేరుపేరునా చెప్పిన పద్యం ఉంది. రాజాస్థానాన్ని వర్ణించే కావ్యాలు మనకు కొల్లలు. భోజనం ధర చెప్పిన కావ్యాలు ఎన్ని?

ఇంకొక విశేషం. ఈ తెలుగు రచన వచ్చేనాటికి ఓరుగల్లు కాకతీయుల రాజధాని కాదు. 1323లో ఉలూగ్‌ఖాన్ చేతిలో కోట పడింది, ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం ఆధారంగా వినుకొండ వల్లభరాయుడు దీన్ని రాసింది ఆ తర్వాతి కాలంలోనే. అంటే, పడిపోయిన నగరాన్ని కవి మళ్లీ కట్టాడు. గోపురాలతో కట్టలేదు, అంగళ్లతో, కేకలతో, అన్నం వాసనతో కట్టాడు. ప్రతాపరుద్రుని పేరు కూడా ఎక్కువగా వేశ్య మాచల్దేవి ఇంటి ప్రసక్తిలోనే వినిపిస్తుంది!

మన ఎమ్మే తరగతుల్లో ఈ పుస్తకానికి ఏ గతి పట్టించామో చూడండి. కర్త వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్నది ఒక ప్రశ్న. దశరూపకాల్లో వీథి లక్షణాలేమిటి అన్నది మరొకటి. ఈ రెండూ వల్లెవేస్తే మార్కులొచ్చేవి. నేనూ అలాగే తెచ్చుకున్నాను. మిగిలిందంతా ‘శృంగారం మితిమీరింది’ అనే ఒక్క వాక్యం కింద కప్పెట్టారు. సురవరం ప్రతాపరెడ్డి మాత్రం 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు క్రీడాభిరామాన్ని ఒక శాసనంలాగా తవ్వుకున్నాడు. కాకతీయుల కాలపు జనం ఏం తిన్నారు, ఏం ఆడారు, ఎవరిని కొలిచారు అన్నదానికి ఆయన ఈ వీధుల్లోకే వచ్చాడు. రాజుల వంశవృక్షాలకు బదులు ప్రజల దినచర్యను చరిత్ర అన్న ఆ పుస్తకానికే 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

అయితే క్రీడాభిరామాన్ని ప్రజాకావ్యమని పొంగిపోవడం కూడా పొరపాటే. ఆ ఇద్దరి చేతిలో రూకలున్నాయి, తీరిక ఉంది. ఒకడు బ్రాహ్మణుడు, ఒకడు వైశ్యుడు. దారిలో ఎదురైన స్త్రీలందరూ వాళ్లకు చూడటానికి, వర్ణించడానికి ఉన్నవాళ్లే. ఆ స్త్రీలకు పని ఉంది, అలసట ఉంది, కాని పద్యంలో అవి అందం చాటుకు పోతాయి. ఒకసారి ఈ కావ్యం గురించి క్లాసులో చెబుతుంటే ఖిలా వరంగల్ నుంచి వచ్చే ఒక అమ్మాయి, ‘‘వాళ్లు మా వాడ దిక్కు గూడ వచ్చిండ్రా సార్?’’ అని అడిగింది. వెంటనే చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి మళ్లీ చదివాను. వచ్చారు. నవ్వుకుంటూ దాటిపోయారు.

కనుక ఈ పుస్తకం నుంచి తీసుకోవలసింది దాని నడక, వదులుకోవలసింది దాని నవ్వు. చేతిలో అయిదారు గంటలున్న రచయిత కాజీపేటలోనే మొదలుపెట్టవచ్చు. అఫ్జల్ బియాబానీ దర్గా ఉంది. ఉర్సుకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. రైల్వే కాలనీ ఉంది. 1974 మే 8 నుంచి ఇరవై రోజులు దేశమంతా సాగిన రైల్వే సమ్మె అక్కడి వృద్ధులకు పుస్తకంలో చదివిన సంగతి కాదు. పక్కనే మడికొండ, కాళోజీ పెరిగిన ఊరు. వరంగల్లు వైపు పోతే 1934లో మొదలై 2002లో మూతపడ్డ ఆజంజాహీ మిల్లు స్థలం. ఎన్ని కుటుంబాలను ఆ మిల్లు సైరన్ నిద్రలేపిందో ఆ చుట్టుపక్కల వాడల్లో ఎవరిని కదిపినా చెబుతారు. ఇక కోటకు పోతే తోరణాల దగ్గర ఫోటో దిగి ఆటో ఎక్కకుండా, మట్టిగోడకూ రాతిగోడకూ నడుమ కాస్త నడవాలి. అక్కడ పొలాలున్నాయి, ఇళ్లున్నాయి, బడి నుంచి వచ్చే పిల్లలున్నారు. ఆ తోరణం 2014లో రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది. దాని నీడన బతికేవాళ్లు ఇల్లు బాగుచేసుకోవాలన్నా రక్షిత కట్టడాల నిబంధనలు అడ్డువస్తాయి. ఈ సంగతి ఏ టూరిస్టు కరపత్రంలోనూ ఉండదు.

తిరిగి కాజీపేటకు రైలు వేళకు అరగంట ముందే వచ్చి, స్టేషన్ బయట టీకొట్టు దగ్గర నిలబడితే కోచ్ ఫ్యాక్టరీ మాట ఎవరో ఒకరు ఎత్తకపోరు. 1980ల్లో ఇక్కడికి రావలసింది కపుర్తలాకు పోయిందని, 2014 విభజన చట్టంలో మళ్లీ రాశారని, 2023లో వ్యాగన్ల తయారీ కేంద్రానికి శంకుస్థాపన జరిగిందని తారీఖులతో సహా చెబుతారు. మధ్యలో బండి అనౌన్స్‌మెంటు వస్తుంది. వాళ్లు చెప్పడం ఆపరు.